మత్రా సందులో డ్రాయింగుకెక్కని బావి

ముప్ఫై ఏళ్ళు మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఇంకా బతికి ఉన్న కమిషనర్లు నొచ్చుకుంటారు. గోదావరి జిల్లా అని మాత్రం అనుకోండి. రోడ్డు వెడల్పు చేయాలని ఆర్డరు వచ్చినప్పుడల్లా ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఎవరి ఇల్లు ఎక్కడి నుంచి వాళ్ళది కాదో గోడ మీద రాయించడం నా ఉద్యోగం. అలాంటివాడు ఒమన్ వెళ్ళొచ్చి పాత ఇళ్ళ గురించి రాస్తున్నాడంటే నవ్వు వస్తుంది. నవ్వేసి చదవండి.

నన్ను రమ్మన్నది మా మరదలు సుగుణ. మస్కట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా నర్సు. "అక్కనీ తీసుకురండి బావగారూ" అంటూనే ఉంది కానీ మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. నన్నొక్కణ్ణే పంపింది. పది రోజులు నేను ఇంట్లో లేకపోవడమే ఆవిడకు విహారయాత్ర.

ఖురంలో కొత్తగా కట్టిన పాతిల్లు

మొదటి సాయంత్రం సుగుణ నన్ను మస్కట్‌లోనే ఖురం అనే పేటకు తీసుకెళ్ళింది. ఆమె పనిచేసే ఆసుపత్రి ఆ దగ్గర్లోనే. "మీకు అసలైన పాత ఒమన్ చూపిస్తాను రండి," అంది. చూపించింది ఒక హోటల్ని. కట్టి రెండేళ్ళయిందట.

దారిలో ఊరు చూశాను. ఇళ్ళన్నీ తెలుపు, కాదంటే మీగడ రంగు. మా ఊళ్ళో ఒక్క వీధిలో గులాబీ, చిలకపచ్చ, ఊదా పక్కపక్కనే కొట్టుకుచస్తుంటాయి. ఇక్కడ ఇళ్ళు యూనిఫాం వేసుకుని ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. అసూయ కలిగింది. ఇంత మాట వినే ఊళ్ళో టౌన్ ప్లానింగ్ వాడికి ఎంత సుఖం!

హోటల్ గోడలు మట్టి రంగులో ఉన్నాయి. అక్కడక్కడా గడ్డిపోచలు అతికించారు. ఒక మూల పెచ్చులూడినట్టు ఉంటే జాలిపడి దగ్గరికి వెళ్ళాను. ఊడలేదు, ఊడినట్టు చెక్కారు. అలవాటు కొద్దీ గోడను వేలితో తట్టాను. లోపల బోలు. జిప్సం బోర్డు. మేం కూర్చున్న బల్ల మాత్రం నిజంగా పాతదే. చెక్కిన పువ్వులతో ఒక ఇంటి సింహద్వారం తలుపును పడుకోబెట్టి, పైన అద్దం వేసి బల్ల చేశారు. నా టీ గ్లాసు కింద ఎవరి ఇంటిదో గొళ్ళెం ఉంది.

దాన్ని కూడా తట్టబోయాను.

"వద్దు బావగారూ," అంది సుగుణ. "లోపలివాళ్ళు తలుపు తీస్తే బాగుండదు."

ఆ టీ ఒకటిన్నర రియాల్. రోడ్డు దాటితే అదే టీ, ఇంకా చిక్కగా, వంద బైసాలకు ఇస్తారు. రియాల్లో పదో వంతన్నమాట. మిగతాది తలుపు మీద తాగినందుకు.

మత్రాలో ఏడు గిన్నెల కావా

మర్నాడు డ్యూటీకి వెళ్తూ సుగుణ నన్ను పాత రేవుపేట మత్రా సముద్రతీరంలో దించింది. చేపల మార్కెట్టు వాసన, నిలువెత్తు ఓడలు, పక్కనే రాళ్ళ కొండలు. ఇవన్నీ ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. నేను వెనక సందుల్లోకి పోయాను. ముప్ఫై ఏళ్ళు సందుల్లో తిరిగినవాణ్ణి, కాళ్ళు అటే లాగుతాయి.

ఒక సందులో సగం ఇళ్ళు లేవు. మిగిలినవాటి ముందంతా రేకులు నిలబెట్టి, వాటి మీద పెద్ద రంగుల బొమ్మ అంటించారు. రాబోయే హోటల్ బొమ్మ. దాని ముందు నవ్వుతూ నడిచే జనం. ఆ జనంలో ఆ సందులో తిరిగే మొహం ఒక్కటీ లేదు. కింద ఇంగ్లీషులో 'వారసత్వానికి కొత్త ఊపిరి' అని అర్థం వచ్చే మాట. కొత్త ఊపిరి పోయాలంటే ముందు పాత ఊపిరి ఆపాలి కాబట్టి, రేకుల వెనక ఆ పని నడుస్తోంది.

ఎదురుగా నీడలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. తెల్లటి పొడుగు చొక్కా, తల మీద కుట్టుపని చేసిన టోపీ, చేతిలో కర్ర, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు. నేను ఆగి చూస్తుంటే పిలిచి, పక్కనున్న రాతి మెట్టు మీద కూర్చోమని, చిన్న గిన్నెలో కావా పోశాడు, అంటే అరబ్బు కాఫీ. యాలకుల వాసన, పాలు లేవు, చక్కెర లేదు. తోడుగా ఖర్జూరం. పేరు ఖల్ఫాన్ అన్నాడు. చిన్నతనంలో బొంబాయిలో ఖర్జూరం దుకాణంలో పనిచేశాడట. నాకంటే మంచి హిందీ.

"ఇది నేను పుట్టిన ఇల్లు," అన్నాడు కర్రతో రేకుల వైపు చూపిస్తూ. "అన్నదమ్ముల పిల్లలందరం కలిసి అమ్మేశాం. నేనూ సంతకం పెట్టాను." ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. "నువ్వేం చేస్తావు?"

"టౌన్ ప్లానింగ్."

"ముహందిస్?" అన్నాడు. ఇంజనీరా అని. నేను ఓవర్‌సీయరుగా చేరి, ఓవర్‌సీయర్ కంటే ఒక మెట్టు పైన దిగినవాణ్ణి. కానీ పరాయి దేశంలో ఒకరు అంత గౌరవంగా అడిగితే కాదనడానికి నోరు రాలేదు. తలూపాను.

గిన్నె ఖాళీ అయింది. పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మన ఇళ్ళలో చాలు అంటే మొహమాటం అనుకుని ఇంకా పోస్తారు, అందుకని నోరు మూసుకుని తాగడమే మర్యాద అనుకున్నాను. ఏడో గిన్నెకు గుండె దడదడలాడింది. "అమ్మ బాబోయ్," అనుకున్నాను పైకే.

"గిన్నె ఊపుండ్రి సారూ!" అని పైనుంచి కేక వినిపించింది. "జెర అటిటు ఊపితె సాలని లెక్క. లేకుంటె పొద్దుమూకేదాక పోస్తనే ఉంటడు!"

తలెత్తి చూస్తే, సగం ఊడిన మేడ మీద, హెల్మెట్ కింద తల చుట్టూ గుడ్డ కట్టుకున్న మనిషి నవ్వుతున్నాడు. జగిత్యాల మల్లేశం. పద్నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో మేస్త్రీ. ఇంతకుముందు సోహార్‌లో ఉక్కు ఫ్యాక్టరీ గోడలు కట్టాడు. ఇప్పుడు ఇక్కడ ఆఫ్రికా నుంచి ఎప్పుడో పడవల్లో వచ్చిన సన్నటి దుంగల్ని పైకప్పు నుంచి ఒక్కొక్కటే లాగి కిందికి వేస్తున్నాడు. టీ టైముకు దిగి వచ్చాడు.

"పొద్దుగాల పాతది కూలగొడ్తం సారూ, పగటీలి సంది పాతదాని లెక్క కొత్తది కడ్తం. గాడ చూడుండ్రి," అంటూ సందు చివర చూపించాడు. అక్కడ సిమెంటు దిమ్మెల గోడకు మట్టిరంగు పూత పూసి, చేత్తో వంకరలు తిప్పి ఉంచారు. "సక్కగ పూస్తె ఇంజినీరు తిడ్తడు. వంకరగ రావాలెనట. వంకర పూయనీకి నాకు పదిహేను దినాలు ట్రయినింగు ఇచ్చిన్రు."

ఖల్ఫాన్ నా మోకాలు తట్టి, తను రోజూ అక్కడ ఎందుకు కూర్చుంటున్నాడో చెప్పాడు. కింది హాలు నేల కింద బావి ఉంది. పైపు నీళ్ళు వచ్చిన కొత్తలో వాళ్ళ నాన్న దాని మీద ఖర్జూరపు దుంగలు పరిచి, సున్నం వేసి మూయించాడు. ఆ దుంగలు ఇప్పుడు ఎలా ఉన్నాయో దేవుడికే తెలియాలి. యంత్రాన్ని ఆ నేల మీదికి ఎక్కించొద్దని కంపెనీ వాళ్ళకు వారం రోజులుగా చెబుతున్నాడు. ఎవరూ వినడంలేదు. ఇప్పుడు ఖురియాత్ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడు. మేనల్లుడు చేపల బండి తోలుకుని రోజూ తెల్లారే మత్రా మార్కెట్టుకు వస్తాడు. ఈయన ఆ బండిలో చేపలతోపాటు వచ్చి, మధ్యాహ్నం దాకా కూర్చుని, చేపలు లేకుండా తిరిగి వెళ్తాడు.

"నువ్వు ముహందిస్‌వి. నువ్వు చెబితే వింటారు," అన్నాడు.

అప్పుడే కంపెనీ ఇంజనీరు వచ్చాడు. కిరణ్ అట, గుంటూరు. తెలుగు మాట వినబడగానే చేయి కలిపాడు.

"బావి సంగతి ఆయన మాకూ చెప్పాడండి. కానీ డ్రాయింగ్‌లో లేదు సార్."

నేను ఏమనాలి? "డ్రాయింగ్ చూడాలి మరి," అన్నాను, మా ఆఫీసులో అన్నట్టే. ఇద్దరం తలలూపుకున్నాం. ఖల్ఫాన్ మా ఇద్దరి వంకా ఆశగా చూశాడు. నేను ఎనిమిదో గిన్నె పోయించుకోకుండా జాగ్రత్తగా ఊపి, లేచి వచ్చేశాను.

శుక్రవారం పచ్చిపులుసు

శుక్రవారం సెలవు. మల్లేశం తన రూముకు భోజనానికి పిలిచాడు. ఒక గదిలో ఎనిమిది మంచాలు, పైన నాలుగు, కింద నాలుగు. మా ఊళ్ళో అయితే ఇలాంటి గదికి నేను నోటీసు ఇచ్చేవాణ్ణి. వండినవాళ్ళు మాత్రం నోటీసుకు అందేవాళ్ళు కారు. పచ్చిపులుసు, మెంతికూర పప్పు, సముద్రపు చేప ఇగురు. చేప ఒమన్‌ది, కారం జగిత్యాలది. మా గోదావరి పులసను తలుచుకుని ఏదో గొప్పగా చెప్పబోతే, "గది ఏడాదికొక్కపారి దొరుకుతది గద సారూ, గిది దినాం దొరుకుతది," అని మల్లేశం నా నోరు మూయించాడు.

చేయి కడుక్కుంటూ మామూలుగా అన్నాడు.

"రేపు షావల్ హాల్లకు ఎక్కుతది సారూ."

షావల్ అంటే వాళ్ళ భాషలో మట్టి తవ్వే పెద్ద యంత్రం.

"దుమ్ము లేవకుంట నేను పైపు వట్టుకొని ముంగట నిలవడాలె. ముసలాయిన అబద్ధమాడేటోడు కాదు. మూడొద్దుల కింద గాడ గడ్డపార ఏస్తె సప్పుడు తేడ కొట్టింది. ఇంజినీరుకు జెప్పిన. నీ పని నువ్వు చూస్కో అన్నడు."

"రానని చెప్పకపోయావా?"

"వంకర పూసేటోళ్ళు శానమంది ఉన్నరు సారూ," అన్నాడు మల్లేశం.

సుగుణ నన్ను కారులో తీసుకువెళ్తూ, ఎందుకు మాట్లాడటం లేదని అడిగింది. చెప్పాను. "కింద పడ్డవాళ్ళని మా వార్డుకే తెస్తారు. మీరు ఇంజనీరు కాదని ఇప్పుడు గుర్తొచ్చిందా, మొన్న తలూపినప్పుడు రాలేదా?" అంది.

శనివారం, అందినట్టు సంతకం

ఏడింటికే వెళ్ళాను. ఖల్ఫాన్ అప్పటికే అక్కడున్నాడు. ఇంజను వేసి ఉన్న షావల్ గుమ్మం దగ్గర గురకపెడుతోంది. మల్లేశం పైపు చుట్ట విప్పుతున్నాడు. నాకు హెల్మెట్ ఇమ్మని కిరణ్‌ను అడిగాను. మొహమాటానికి ఇచ్చాడు. లోపలికి వెళ్ళాను. ముసలాయనను రానివ్వలేదు, గుమ్మంలో నిలబడి కర్రతో దిక్కు చూపించాడు. గుమ్మం నుంచి నాలుగు బారలు, సముద్రం వైపు.

గడ్డపార తీసుకుని నేల మీద కొడుతూ వెళ్ళాను. ఒక బార, రెండు, మూడు. మట్టి మొద్దుగా పలికింది. నాలుగో బారలో ఆ చప్పుడు నా మోచేతుల్లోకి వచ్చింది. కింద ఖాళీ.

గోడలూ చూశాను, అలవాటు కొద్దీ. పగడపు రాయి, సున్నం. బీట లేదు, చెమ్మ లేదు. కంపెనీ పిలిపించిన సలహాదారు ఎవరో ఈ ఇంటిని ప్రమాదకరమని రాసిచ్చాడట. ఆ కాగితాన్ని చూడకుండానే అందులో ఏ మాటలుంటాయో నేను చెప్పగలను. అవే మాటలు నేను ఎన్నో ఇళ్ళకు రాశాను, కొన్నింటికి రిక్షా దిగకుండా రాశాను.

"కిరణ్‌గారూ, కింద బావి ఉంది."

"డ్రాయింగ్‌లో లేదండి సార్."

ఈ మాట వినే వైపు నిలబడటం నాకు అదే మొదటిసారి. ఒకావిడ తన పెరట్లో అత్తగారి సమాధి ఉందని మొత్తుకుంటే, ప్లానులో లేదమ్మా అన్నాను ఒకప్పుడు. ప్లానులోకి ఎక్కకపోవడం సమాధి చేసిన తప్పయినట్టు.

"సగం రోజు పని ఆగితే పైవాళ్ళకు నేనేం చెప్పను సార్? మీకు తెలియందేముంది?"

నిజమే, నాకు తెలియనిదేమీ లేదు. అతను దేనికి భయపడతాడో కూడా తెలుసు. దుంగలకు కాదు, మనిషి ప్రాణానికీ కాదు. జేబులో కాగితం తీసి, గోడకు ఆనించి రాశాను. ఫలానా రోజు ఉదయం ఏడూ ఇరవైకి, హాలు నేల కింద బావి ఉన్నట్టు కంపెనీ ఇంజనీరుకు తెలియజేయడమైనది. నా పేరు, నా సంతకం, రిటైర్డ్, టౌన్ ప్లానింగ్. అతని చేతికిచ్చాను.

"అందినట్టు కింద సంతకం పెట్టండి. వేరే ఏం వద్దు."

ఒమన్‌లో నా సంతకానికి ఆ టీ గ్లాసు విలువ కూడా లేదు. అయినా కిరణ్ ఆ కాగితం వంక పామును చూసినట్టు చూశాడు. సంతకం పెడితే తెలిసి చేసినట్టు. పెట్టకపోతే, ఇచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, చూసినవాళ్ళు ఆరుగురున్నారు.

"ఎందుకండి సార్ ఇవన్నీ," అన్నాడు. ఒప్పుకున్నానని ఆఫీసు భాషలో చెప్పడం అలాగే, నాకు ముప్ఫై ఏళ్ళు జీతం ఇప్పించిన భాష అది. తర్వాత షావల్ వైపు తిరిగి చేయి ఎత్తాడు. ఇంజను ఆగింది.

అందర్నీ బయటికి పంపారు. షావల్‌ను గుమ్మం అవతలే నిలబెట్టి, పొడుగు చేయి ఒక్కటే లోపలికి చాపించారు. తొట్టితో నేలను తట్టమన్నారు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు హాలు నడిమి భాగం నోరు తెరిచినట్టు కిందికి పోయింది. తర్వాత చాలాసేపటికి, చాలా కిందనుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది.

మల్లేశం పైపు పట్టుకునే ఉన్నాడు. పైపులో నీళ్ళు రావడంలేదన్నది కూడా చూసుకోలేదు.

"గాడ్నే నిలవడుతుంటి సారూ," అన్నాడు. "గాడ్నే," అన్నాడు మళ్ళీ. ఖల్ఫాన్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, కావా పోశాడు. మల్లేశం గిన్నె ఊపలేదు. పోసినంతా తాగాడు.

గంటలో పెద్ద మేనేజరు వచ్చాడు. తిడతాడనుకున్నాను. బావిలోకి తొంగి చూసి, ఫోన్ తీసి, బావితోపాటు తన మొహం పడేలా నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. అప్పటిదాకా అడ్డంకి అయిన బావి అప్పటి నుంచి ఆవిష్కరణ అయింది. హోటల్లో దాన్ని అలాగే ఉంచుతామన్నాడు. ఇల్లు? ఇంటి సంగతి మారదు, డ్రాయింగ్‌లో ఉంది కదా. కిరణ్ ఆయన పక్కన నిలబడి, అనుమానం వచ్చి తనే పని ఆపించానని చెబుతున్నాడు. నేను కాదనలేదు. ఆ మాత్రం ఆఫీసు మర్యాద నాకూ తెలుసు.

తాడు కట్టి బకెట్ దించారు. మేనేజరు వెంట వచ్చిన ఫోటోల మనిషి, "తియ్యటి నీళ్ళా?" అని ఉత్సాహంగా అడిగాడు. ఖల్ఫాన్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు. "ఎప్పుడూ ఉప్పే. బట్టలుతకడానికే వాడేవాళ్ళం. తాగే నీళ్ళు మా అమ్మ కొండ పక్కనుంచి మోసేది."

నేను మా ఊరు తిరిగొచ్చిన కొన్ని నెలలకు మల్లేశం ఫోటో పంపాడు. ఇల్లు లేదు. బావి మీద అద్దం వేసి, లోపల నీలం లైటు పెట్టారు. చుట్టూ వంకర గోడ, మల్లేశం పూసిందే. బోర్డు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది, పూర్వం ఈ సందు ప్రజల దాహం తీర్చిన మంచినీటి బావి అని.

ఖురియాత్‌లో ఒకే పళ్ళెం

బావి బయటపడ్డ మర్నాడు, ఆదివారం, సుగుణకు సెలవు. ఖల్ఫాన్ భోజనానికి పిలిచాడు. కొండలు దిగి సముద్రం ఒడ్డుకు వస్తే ఖురియాత్. పడవలు, వలలు, ఖర్జూరపు తోటలు, మధ్యలో కొత్త ఇళ్ళు. కూతురి ఇల్లు కూడా కొత్తదే. చల్లగా, వెడల్పుగా ఉంది. ఖల్ఫాన్ మమ్మల్ని ముందుగా తీసుకెళ్ళి చూపించింది తన గదిలోని స్నానాలగది. "వేడినీళ్ళు! పొయ్యి లేకుండా!" అన్నాడు. పాత ఇంటి గురించి ఇంతసేపు మాట్లాడలేదు.

మామూలుగా ఆడవాళ్ళు వేరే గదిలో తింటారట. పరాయి దేశం వాళ్ళమని ఆ రోజుకు అందర్నీ ఒకచోటే కూర్చోబెట్టాడు. నేల మీద తివాచీ, నడుమ ఒకే పెద్ద పళ్ళెం. అన్నం మీద నిప్పుల మీద కాల్చిన వంజరం చేప. ఎవరి వైపు వాళ్ళు తినాలి. మన వైపు విస్తరి ఎవరిది వాళ్ళదే, పక్కవాడి కూర మీద కన్ను పడ్డా తప్పే. ఇక్కడ ఆయన కూతురు తన వైపున్న మంచి ముక్కలు తీసి మా వైపుకు తోస్తూనే ఉంది.

"ముహందిస్," అన్నాడు ఖల్ఫాన్, "మీ ఊళ్ళో ఎన్ని పాత ఇళ్ళు కాపాడావు?"

సుగుణ నోరు తెరిచింది.

"నేనే చెబుతాను," అన్నాను.

నేను ముహందిస్‌ను కానని చెప్పాను. ఒక్క ఇల్లూ కాపాడలేదని, కొట్టించినవి లెక్కపెట్టుకోలేదని చెప్పాను. "నువ్వు కూర్చున్నట్టే మా ఊళ్ళోనూ ఇంటి ముందు కూర్చునేవాళ్ళు. మేం పోలీసుల్ని పిలిచేవాళ్ళం."

ఆయన తినడం ఆపి వింటున్నాడు.

"ఈమె నాన్నగారి ఇంటి అరుగు కూడా నేనే కొట్టించాను," అన్నాను సుగుణను చూపిస్తూ. "మామగారిదని వదిలేశానని నలుగురూ అంటారని, ఆ వీధిలో మొదట ఆ ఇంటికే వెళ్ళాను."

"ఆ రోజు నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను," అంది సుగుణ ఆయనతో హిందీలో. "నాన్న సాయంత్రం ఆ అరుగు మీదే బైబిలు చదివేవాడు. అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాన్నతో మాట్లాడతానంటే ఇవ్వలేదు." తర్వాత నావైపు తిరిగి తెలుగులో, "నేను మిమ్మల్ని ఒక్కసారైనా అడిగానా బావగారూ?" అంది. అడగలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"మీ మామ ఏమన్నాడు?" అన్నాడు ఖల్ఫాన్.

"టేపు పట్టే మనిషి ఆ రోజు రాలేదు. రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. నేను కొలత చూసి రోడ్డుకు పోయేది ఆరడుగులు అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని టేపు మీదికి వంగాడు. 'సరిగ్గా చూడండి అల్లుడుగారూ, ఆరున్నర' అన్నాడు."

ఖల్ఫాన్ ఆ మాటను మెల్లగా అరబ్బీలో కూతురికి చెప్పాడు. సుగుణ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"ఆరున్నరా?" అంది.

"ఆరున్నర," అన్నాను.